నాలుగు బల్లల లెక్కల గది

షోలాపూర్ తూర్పు దిక్కు మనోళ్ల పేటలల్ల ఏ సందుల చూసినా పవర్‌లూమ్ చప్పుడు, ఏ గడప ముందర చూసినా బీడీల చాట. 1877ల మొదలైన జూనీ మిల్లు మూతబడి ఎన్నో ఏండ్లు అయింది. నేత పని తెలిసిన ముసలోళ్లం మాత్రం ఇక్కడనే ఉన్నం. ఈ పేటల నడుమ ఒక తెలుగు బడి ఉన్నది. ఏడో తరగతి పిల్లలకు నూలు లెక్క చూపించుమని అక్కడి లెక్కల టీచర్‌బాయి పిలిస్తే పోయిన.

ఆ గదిల బెంచీలు వరసగా లేవు. నాలుగు మూలలకు నాలుగు బల్లలు. 36 మంది పిల్లలు, బల్లకు తొమ్మిది మంది. పావుగంటకు ఒకసారి గంట కొడితే లేచి పక్క బల్లకు పోతరు. నాలుగు బల్లలు తిరిగేవరకు గంటసేపు పడుతది.

మొదటి బల్ల మీద నూలు. ఒక చిలపకు 840 గజాలు. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే దారానిది అంత నంబరు. 20 నంబరుకు 20 చిలపలు, 40 నంబరుకు 40. బరువు అంతే, పొడుగు రెండింతలు, అందుకే దారం సన్నం. ఇట్ల విలోమానుపాతం పిల్లల చేతులకే తెలిసింది.

రెండో బల్ల మీద టవల్. నాలుగు మడతలు పెట్టి, మళ్ల సగానికి మడిస్తే ఎంత? "అరపావు" అన్నడొక పిలగాడు. ఎనిమిదింట ఒకటి అని పలక మీద రాసిండు.

మూడోది బీడీల బల్ల. కట్టకు 25 చొప్పున వెయ్యి బీడీలకు 40 కట్టలు. అందుల ఛాట్ కింద 50 తీసేస్తే నూటికి ఎంత? అయిదు. ఎన్నడూ నోరు తెరవని పిల్ల ఒకతి ఈ లెక్క అందరికన్నా ముందు చెప్పింది. ఇప్పుడు వాళ్లమ్మ కార్డు తనే చదివి చెప్తున్నదట.

నాలుగో బల్ల దగ్గర టీచర్‌బాయి కూసుంటది. వెనుకబడ్డోళ్లకు నిమ్మలంగ చెప్పేందుకు అప్పుడు ఆమెకు తీరిక దొరుకుతది.

ఇబ్బంది లేదని కాదు. గోల అయితది. ఒకడు చేస్తే నలుగురు చూసి రాస్తరు. అందుకే చివరికి ఎవరి చీటీ మీద వాళ్లు ఒక లెక్క చేసి ఇచ్చి పోవాలె.

మన పేటల ఏడు దాటంగనే ఆడపిల్లలు చాట ముందర కూసుంటున్నరు. "లెక్కలు రావు, చదివి ఏం చేస్తది" అని మనమే అంటం. అట్ల అనేముందు ఒకసారి ఆ గదికి పోయి చూడుండ్రి. పోయేటప్పుడు ఇంట్ల ఉన్న ఖాళీ కండెలు, చినిగిన టవళ్లు, పాత తక్కెడ పట్టుకపోండ్రి. ఆ బల్లలకు అవే సామాన్లు కావాలె.