ఆటలో తుపాకీ, ఇంట్లో బరిక

మా చిన్న చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో తోటి పిల్లవాణ్ణి కొట్టాడు. స్టీలు టిఫిను డబ్బాతో కొడితే ఆ పిల్లవాడి కనుబొమ పగిలి మూడు కుట్లు పడ్డాయి. 2021లో, కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన కొద్ది వారాలకు జరిగిన సంగతి ఇది.

ఆ సాయంత్రం చెల్పూరులో మా చెల్లెలి ఇంటి ముందు నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. "ఆ ఫోను ఆటనే దీనికంతా కారణం. పొద్దుమాపు కాల్చుడే కాల్చుడు" అన్నాడు ఒక పెద్దాయన. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. నలుగురికీ పుస్తకాలు పంచేవాణ్ణి, సభల్లో కార్యకారణ సంబంధాల గురించి మాట్లాడేవాణ్ణి, తల ఊపి ఊరుకున్నాను. ఊరుకోవడమేమిటి, లోపలికి వెళ్లి ఫోను లాక్కుని పిల్లవాడి చెంప మీద రెండు దెబ్బలు వేశాను. "మనిషిని కొట్టుడు తప్పని ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు?" అని గద్దించాను.

వాడు ఏడవలేదు. "మరి నువ్వు ఏ ఆట ఆడినవు మామా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఈ నాలుగు మాటలూ ఆ జవాబు కోసం రాస్తున్నవి.

ఆ ఫోను ఇంట్లోకి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో పిల్లలకు టీవీల ద్వారా, ఫోన్ల ద్వారా పాఠాలు మొదలైనాయి. చెల్లెలు చిట్టీ ఎత్తి ఫోను కొన్నది. సరిగ్గా ఆ మర్నాడే, సెప్టెంబరు 2న, కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్జీ ఒకటి. నూరుగురు ఒక దీవి మీదికి పారాచ్యూట్లతో దిగి, దొరికిన ఆయుధంతో ఒకరినొకరు చంపుకుంటూ, చివరికి మిగిలినవాడు గెలిచే ఆట అది. పిల్లలు చెడిపోతున్నారని సర్కారు ఆపించిందని మా ఊళ్లో అనుకున్నారు. నిజానికి ప్రభుత్వం చెప్పిన కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, ప్రజల సమాచార భద్రత. పిల్లల ఊసు ఆ కారణాలలో లేదు. 2021 జూలైలో అదే ఆట కొత్త పేరుతో తిరిగి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ ఆగింది. 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈ మధ్యలో పిల్లలు ఫ్రీ ఫైర్‌కు మళ్లారు. 2022 ఫిబ్రవరిలో దాన్నీ నిషేధించారు. అంతకు ముందు 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆడుతున్నారని కాలేజీ కుర్రవాళ్లను అరెస్టు కూడా చేశారు. ఇన్ని నిషేధాలలో ఏ ఒక్కటీ, పిల్లవాడు పిల్లవాణ్ణి ఎందుకు కొడుతున్నాడు అనే ప్రశ్న జోలికి పోలేదు.

ఆ ప్రశ్నను శాస్త్రజ్ఞులు అడిగారు. ఏకాభిప్రాయం లేదు గాని, వాదం ఎక్కడ నిలిచిందో స్థూలంగా చెప్పవచ్చు. ఇటువంటి ఆటలకూ దుడుకుతనానికీ సంబంధం ఉందని అమెరికాలో క్రెయిగ్ ఆండర్సన్ వంటివారు ఏళ్ల తరబడి వాదించారు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటిషు పిల్లలు వెయ్యిమందిని పరిశీలించి, అటువంటి సంబంధమేమీ కనిపించలేదన్నారు. 2020లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం మధ్యస్థంగా ఒక మాట చెప్పింది: అరవడం, తోయడం వంటి దుడుకు చేష్టలతో ఈ ఆటలకు చిన్న సంబంధం ఉన్నది, కాని హత్యలకూ కాల్పులకూ వీటినే కారణంగా చూపడానికి తగిన ఆధారం లేదు, అలా చూపితే అసలు కారణాల మీదినుంచి దృష్టి తప్పిపోతుంది. జపానులో, దక్షిణ కొరియాలో ఈ ఆటలు విరివిగా ఆడతారు; హత్యలు మాత్రం ప్రపంచంలో చాలా తక్కువగా జరిగే దేశాలలో అవి చేరతాయి. అమెరికాలో కాల్పులు జరిగినప్పుడల్లా ఆటను తిట్టే నాయకులు, దుకాణంలో దొరికే తుపాకీ గురించి మాట్లాడరు.

అంత దూరం పోనక్కరలేదు. మా ప్రాంతంలో తుపాకీ, ఫోను కంటే ముందు వచ్చింది. ఇప్పుడు పదకొండు వందల మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపించే ఈ ఊరికి ఆవల అడవి ఉంది. 1980లలో, 1990లలో ఆ అడవిలో అన్నలూ పోలీసులూ ఇరువైపులా నిజమైన తుపాకులు పట్టుకు తిరిగారు. ఆ కుర్రవాళ్లలో ఎవరూ ఫోను చూసినవారు కారు. భూమి, వెట్టి, తునికాకు కట్టకు ఇచ్చే కూలి, పోలీసు స్టేషనులో తిన్న దెబ్బలు: వాళ్లను అడవికి నడిపించినవి ఇవి. ఆ దారి తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. హింసకు మూలం ఆటలో ఉందనేవారు మా జిల్లా చరిత్రను ఒకసారి చదివితే మంచిదని మాత్రమే నా మనవి.

ఇక్కడ మనవారిలోనే ఒకరు లేచి ఒక ప్రశ్న అడగవచ్చు. అడగాలి కూడా. "సాహిత్యం మనిషిని కదిలిస్తుందని సభల్లో చెబుతాము. నాటకం, బుర్రకథ జనాన్ని మేలుకొలిపాయని గర్వపడుతాము. పాట మనిషిని మార్చగలిగినప్పుడు ఆట ఎందుకు మార్చలేదు?" ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయలేము. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. ఆనాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ ప్రభుత్వానికి కళ బలం తెలుసు. మనకూ తెలుసు.

కాని ఆ నాటకం చేసిన పని ఏమిటి? దొర దౌర్జన్యాన్ని అది పుట్టించలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి ఆ నాటకమే లేదు. జనం అప్పటికే అనుభవిస్తున్న దానికి అది మాట ఇచ్చింది, దారి చూపింది. ఎండిన గడ్డి ఉంటేనే నిప్పురవ్వ అంటుకుంటుంది. చిందు భాగోతంలో కీచకుణ్ణి భీముడు చంపుతుంటే తెల్లవార్లు చూసిన మా తాతలు, తెల్లవారి ఎవరినీ చంపక నాగలి కట్టుకుని పొలానికి పోయారు. కళ గాని ఆట గాని బతుకులో ఉన్నదాని మీదనే పని చేస్తుంది.

అందుచేత ఆట నిరపరాధి అని నేను అనను. అది పిల్లవాడి చేతికి కత్తి ఇవ్వకపోవచ్చు. లోకాన్ని చూసే తీరు ఒకటి మాత్రం నేర్పుతుంది. నూరుగురిలో ఒక్కడే మిగలాలి, మిగతావారు పోవలసినవారే అన్నది ఆ ఆట నీతి. జట్టుగా ఆడినా మిగలవలసింది ఒక్క జట్టే. ఇదే నీతిని పోటీ పరీక్షా చెబుతున్నది, ఉద్యోగాల బజారూ చెబుతున్నది. పైగా ఆట ఊరక రాదు. పాత్రకు కొత్త చొక్కా, తుపాకీకి కొత్త రంగు అంటూ రూపాయి రూపాయి గుంజుతుంది, నిద్ర చెడగొడుతుంది. కంపెనీ లాభాన్నీ, పిల్లల నిద్రనూ విమర్శించవలసిందే. ఆ విమర్శ వేరు, పగిలిన కనుబొమకు ఆటను ముద్దాయిగా నిలబెట్టడం వేరు.

మరి ఆ కనుబొమ ఎందుకు పగిలింది? పది రోజుల తర్వాత చెల్లెలే చెప్పింది. మా బావ బూడిద లారీల మీద కూలికి పోతాడు. బళ్లో ఆ పిల్లవాడు మావాణ్ణి "బూడిదోడా" అని నెలరోజులుగా పిలుస్తున్నాడు. మావాడు ఇంట్లో చెప్పుకున్నాడు. "మగపిల్లగానివి, నువ్వు ఏడుస్తవా" అన్నారట. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. తండ్రికి కోపం వస్తే బరిక అందుకోవడం వాడు అయిదేళ్లప్పటినుంచి చూస్తున్నాడు. నేను చెయ్యి చేసుకోవడమూ చూస్తున్నాడు. నన్ను మా నాన్న చింత బరికతో కొట్టాడు. మా పంతులు గోడకుర్చీ వేయించాడు. అందువల్లనే నాలుగు అక్షరాలు వచ్చాయని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. బళ్లో పిల్లలను కొట్టరాదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధం పెట్టింది. ఇంటి గడప దగ్గర ఆ చట్టం ఆగిపోయింది.

మామా, నువ్వు ఏ ఆట ఆడినవు అని వాడు అడిగాడు. ఈ ఆటే ఆడాను, అల్లుడా. బలమున్నవాడు కొట్టవచ్చు, కొట్టినవాడే ఒప్పు అనే ఆట. దానికి ఫోను అక్కరలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా నడుస్తున్నది.

ఫోను వాడికి తిరిగి ఇచ్చాను. రాత్రి తొమ్మిది దాటితే తల్లి చేతికి ఇవ్వాలని ఒప్పందం. ఇద్దరం కలిసి ఆ పిల్లవాడి ఇంటికి పోయాము. మావాడు తప్పు ఒప్పుకున్నాడు. ఆ పిల్లవాడి తల్లి చాయ్ పోసింది. కొడుకు అన్న మాట గురించి ఆమె ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. తిరిగి వస్తుంటే దారిలో, నిన్ను కొట్టడం నా తప్పు అని నేను వాడికి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. నమ్మాడో లేదో తెలియదు. నమ్మించవలసింది మాటతో కాదు గనుక నేనూ రెట్టించలేదు.

ఆటలను అదుపు చేయాలా అంటే, వయసునుబట్టి, గంటలనుబట్టి, జేబునుబట్టి చేయవలసిందే. కాని నిషేధంతో మన పని తీరిందనుకుంటే పెద్దలు తప్పించుకున్నట్టే అవుతుంది. ఈ చర్చలో ముద్దాయిల జాబితా రాసేవారు ఇంటి చూరులో దోపిన బరికను మరచిపోకూడదు. మా ఇంట్లోది తీసి పొయ్యిలో పెట్టాము. పాత అలవాటు అంత సులువుగా కాలదని నాకు తెలుసు.