దిద్దని పేజీకి కూలి

మా గుంపు నెలాఖరు ఆదివారం చెప్పుకునే వార్తలు ఏ పేపర్లోనూ రావు. పోయిన నెలవి ఇవి. ఒకాయనకు ఏడాది కిందట ఎడిట్ చేసిన నవల తాలూకు డబ్బులు వచ్చాయి, సగం. ఒకావిడ పనిచేసిన కథల పుస్తకం రెండో ముద్రణకు వెళ్తోంది, మొదటిసారి వేయని ఆమె పేరు ఈసారి వేస్తామన్నారట. అను ఫాంట్లలో ఉన్న ఫైల్ని యూనికోడ్‌లోకి మారిస్తే రెండొందల పేజీల్లో వత్తులు చెల్లాచెదురయ్యాయి, ఇంకొకాయన కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరుకుంటున్నారు.

రాబోయే విశేషాలు కూడా చెప్పుకుంటాం. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. సెప్టెంబరు 30న అంతర్జాతీయ అనువాద దినోత్సవం. మామూలుగా డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్. భాషకు రెండు రోజులు, అనువాదానికి ఒకటి, పుస్తకాలకైతే పది రోజుల దాకా. మరి ఎడిటింగ్‌కి? బుక్ ఫెయిర్‌కి ముందు రెండు నెలల పాటు నిద్రలేని రాత్రులున్నాయి కదా, అవే మా ఉత్సవాలు.

గుంపు అన్నాను గానీ ఏడుగురం. సంఘం కాదు, రిజిస్ట్రేషన్ లేదు, పేరు పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. వారాసిగూడలో ఒక ఇరానీ హోటల్లో కలుస్తాం. టేబుల్ కోసం ఎవరైనా వచ్చి పక్కన నిలబడితే లేచి, జామై ఉస్మానియా స్టేషన్ మీదుగా క్యాంపస్‌లోకి నడుస్తూ మాట్లాడుకుంటాం. వారాసిగూడే ఎందుకంటే మాలో నలుగురం ఇక్కడే అద్దెకుంటాం. యూనివర్సిటీ దగ్గర, తార్నాక దగ్గర, అద్దె మాత్రం తార్నాకంత కాదు. ఉస్మానియా, ఇఫ్లూ, చుట్టుపక్కల పరిశోధన సంస్థల పుణ్యమా అని ఇంగ్లీషు థీసిస్‌లు దిద్దే పని ఏడాది పొడవునా ఉంటుంది. ఆ డబ్బుతో అద్దె కడతాం, మిగిలిన టైంలో తెలుగు పుస్తకాలు చేస్తాం. తెలుగు ఎడిటింగ్ మీదే బతుకుతున్నవాళ్లు మా ఏడుగురిలో ఒక్కరూ లేరు.

పనేంటని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. ఎడిటర్‌ని అంటే ‘ఏ పేపర్?’ అంటారు, కాదంటే ‘ఏ సినిమా?’ అంటారు. సంపాదకుడు అనే మాటలో సంపాదన ఉంది కాబట్టి ఇంటి ఓనరు కాస్త ఆశగా చూస్తాడు. పరిష్కర్త అంటే తాళపత్రాలు గుర్తొస్తాయి. చివరికి ‘ప్రూఫులు చూస్తాం’ అనేసి ఊరుకుంటాం.

ప్రూఫులు చూడటం కూడా చిన్న పనేం కాదు. ‘చెప్పలేకపోయాను’ అంటే మనిషి అక్కడే ఉన్నాడు, నోరు పెగల్లేదు. ‘చెప్పలేక పోయాను’ అంటే చెప్పకుండానే లేచి వెళ్లిపోయాడని చదువుకోవచ్చు. మధ్యలో ఉన్నది ఒక్క ఖాళీ. ఎడిటింగ్ ఇక్కడితో ఆగదు. ఏ పేరా ముందు రావాలి, మూడో అధ్యాయంలో ఉన్న మేనత్త ఆరో అధ్యాయానికి ఎటు పోయింది, రచయిత రెండుసార్లు చెప్పినదాంట్లో ఏది ఉంచాలి, ఇవన్నీ చూడాలి. అన్నిటికంటే కష్టమైంది ఇంకోటుంది. దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోవడం. ఇది కంటికి కనిపించదు. కనిపించని పనికి డబ్బులడగడం ఎలా అన్న ప్రశ్న నిరుడు మా టేబుల్ మీదికి వచ్చింది.

నా దగ్గరికి ఒక ఆత్మకథ వచ్చింది. రాసినావిడ అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయ్యారు, సొంతూరు నల్లగొండ వైపు. నోటుపుస్తకాల్లో రాసుకున్నదాన్ని మనవరాలు టైప్ చేసి పంపింది. ప్రచురణకర్త నాకు అప్పగించిన పని స్పష్టంగానే ఉంది. సంభాషణలు ఆమె భాషలోనే ఉంచాలి, కథనం మాత్రం ‘అందరికీ అర్థమయ్యే తెలుగు’లోకి మార్చాలి. అందులో దురుద్దేశం ఏమీ లేదు. మనం ఇష్టంగా చదువుకున్న పుస్తకాలు చాలానే ఈ పద్ధతిలో వచ్చాయి.

ఆదివారం ఈ సంగతి అందరి ముందూ పెట్టాను. మాలో పెద్దాయన ఒకరున్నారు, ముప్పై ఏళ్లు పత్రికల్లో డెస్కు మీద పనిచేశారు. సార్ అంటాం. ఆయన ప్రచురణకర్త వైపే మాట్లాడారు. ‘చదివేవాడు కాకినాడలో ఉంటాడు, అనంతపురంలో ఉంటాడు, డాలస్‌లో ఉంటాడు. అంబటాళ్ల అంటే ఎంతమందికి తెలుసు? రెండు పేజీలు చదివి పక్కన పడేస్తే ఆవిడకి నువ్వు చేసిన మేలేంటి?’

శ్రీకాకుళం నుంచి వచ్చిన అక్క ఒకావిడ ఉన్నారు. టీ కప్పు కింద పెట్టి, ‘మాటలు ఆమెవి, కథనం మనదీ అంటే ఏంటి సార్ అర్థం? ఆవిడ మాట్లాడొచ్చు గానీ, ఆలోచించడం మాత్రం మన భాషలో ఆలోచించాలా?’ అన్నారు.

సార్ కాసేపు ఏమీ అనలేదు. నవలలో అయితే కథ చెప్పేది వేరే మనిషి అనుకోవచ్చు. ఆత్మకథలో ఆ ‘నేను’ ఒక్కతే. పొలం గట్టు మీద కేకేసిందీ ఆవిడే, యాభై ఏళ్ల తర్వాత ఆ కేకను తలుచుకుంటున్నదీ ఆవిడే. కేక నల్లగొండలో, తలపు విజయవాడలో అంటే ఒక మనిషిని రెండుగా కోసినట్టే.

సార్ ఇంకో ప్రశ్న వేశారు, అది మొదటిదాని కంటే గట్టిది. ‘సరే. కానీ ఆవిడే ఒక్కో పేజీలో ఒక్కోలా రాసింది. దవఖాన అని ఒకచోట, ఆస్పత్రి అని ఒకచోట. కైకిలి అని ఒకచోట, కూలి అని ఒకచోట. అది యాస కాదు, నిలకడ లేకపోవడం. అదైనా సరిచేస్తావా లేదా?’

దీనికి జవాబు టీ తాగుతూ దొరికేది కాదు, పేజీల్లో వెతకాలి. ఏ మాట ఎక్కడెక్కడ ఎలా వచ్చిందో పట్టిక వేశాను. మూడు వారాలు పట్టింది. కొన్ని నిజంగానే టైపింగ్ పొరపాట్లు, వాటిని దిద్దాను. మిగతావి వేరు. తోటి ఆడవాళ్లతో కలిసి నాట్లకు పోయిన ప్రతిచోటా కైకిలి. కాంట్రాక్టరు దగ్గర మస్టర్ మీద వేలిముద్ర వేసిన ప్రతిచోటా కూలి. తల్లిని ఎడ్లబండిలో తీసుకుపోయింది దవఖానకు. అంగన్‌వాడీ పిల్లల్ని తీసుకువెళ్లింది ఆస్పత్రికి, అది రిజిస్టర్లో రాయాల్సిన మాట, ట్రైనింగ్‌లో నేర్పిన మాట. ఒకే మనిషి రెండు లోకాల్లో బతికింది, ఏ లోకంలో ఉన్నప్పుడు ఆ మాట వాడింది. అన్నీ ఒకలా ‘సరిచేస్తే’ ఆ గోడ కూలిపోతుంది.

అయినా అడగాలి కాబట్టి ఫోన్ చేశాను. ‘నువ్వు ఎట్ల రాయమంటే అట్ల రాస్త గని బిడ్డా, మా అమ్మ దవఖానల సచ్చిపోయింది. ఆస్పత్రిల కాదు’ అన్నారు.

సార్ మొదటి ప్రశ్నను కూడా వదిలెయ్యలేదు. తెలియని మాట ఎదురైతే పాఠకుడు ఆగిపోతాడన్నది నిజం. ప్రతి మాటకూ కింద అర్థం వేసుకుంటూ పోతే ఆత్మకథ కాస్తా పాఠ్యపుస్తకం అవుతుంది. తొమ్మిదో అధ్యాయంలో ఒక పేరా ఉంది. పొద్దున్నే పనికి పోయినవాళ్లు కొంచెం ఎండెక్కాక చెట్టు కింద చేరి కుండలోంచి అంబలి పోసుకు తాగడం గురించి. ఆవిడను అడిగి ఆ పేరాను రెండో పేజీకి తెచ్చాం. ఇక అంబటాళ్ల అంటే ఏంటో ఎవరికీ చెప్పక్కర్లేదు. సార్ అది చదివి ‘ఇదీ పని’ అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు మేమెప్పుడూ వినలేదు.

తర్వాత బిల్లు పంపాను. ప్రచురణకర్త ఫైల్ తెరిచి చూసి ఫోన్ చేశారు. ‘పెద్దగా ఏం మార్చినట్టు లేదు కదా. ప్రూఫ్ రేటు ఇస్తాను, ఏమనుకోకండి.’ ఎర్ర గీతలు లెక్కపెట్టారన్నమాట. కథనమంతా మార్చేసి ఉంటే, ఆ పుస్తకాన్ని పాడుచేసినందుకు, నాకు పూర్తి డబ్బులొచ్చేవి.

ఆ నెల మా చర్చంతా దీని మీదే నడిచింది. విచిత్రం ఏంటంటే, భాష చూసిపెట్టే పనికి జీతం ఇవ్వడం మేం నడిచే ఈ దారికి కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. అంతకు ఒక ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. చదువంతా ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి కదా. సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్రం, వైద్యం పుస్తకాలను అక్కడ ఉర్దూలోకి తెచ్చారు. ఏ శాస్త్ర పదానికి ఏ ఉర్దూ మాట వాడాలో ఒక్కరు కాదు, కమిటీలుగా కూర్చుని తేల్చేవారు. జోష్ మలీహాబాదీ అంతటి కవి 1920లలో అక్కడ ఉద్యోగం చేశారు. ఒక మాట మీద వాదించుకుంటూ గడిపిన పూటను కూడా పనిగానే లెక్కేసిన చోటు అది.

తెలుగులో ఇంకా వెనక్కి పోతే బ్రౌన్ కనిపిస్తారు. కడపలో పండితులను కుదుర్చుకుని, వాళ్లకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించారు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. బ్రౌన్ పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ ప్రతులు పోల్చినవాళ్లలో జూలూరి అప్పయ్య లాంటి ఒకరిద్దరి పేర్లు సాహిత్య విద్యార్థులకు తెలుసు. మిగతావాళ్లకు జీతం దొరికింది, పేరు దొరకలేదు. ఇవాళ మాకు రెండూ బేరమే.

బయటి దేశాల్లో ఎలా ఉందో కూడా చూశాం. బ్రిటన్‌లో సొంతంగా పనిచేసే ఎడిటర్లు, ప్రూఫ్‌రీడర్లు 1988లో ఒక సొసైటీ పెట్టుకున్నారు. అది 2020లో చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. ఊళ్లవారీగా గుంపులున్నాయి, శిక్షణ ఉంది, గంటకు ఇంతకంటే తక్కువకు పని ఒప్పుకోవద్దని సూచించే రేట్లున్నాయి. కెనడాలో అలాంటి సంఘం 1979 నుంచే ఉంది. అవీ మొదట్లో ఇలాంటి నలుగురైదుగురి మాటల్లోంచే పుట్టి ఉంటాయని అక్క అన్నారు. ‘వాళ్ల దగ్గర ఇరానీ చాయ్ లేదు, అదొక్కటే తేడా’ అన్నారు సార్.

చాయ్ తాగి మేం మూడు మాటలు అనుకున్నాం. ఒకటి, రేటు ఎన్ని గీతలు గీశామన్నదాని మీద కాదు, ఎంత చదివామన్నదాని మీద. ముందు పది పేజీలు చేసి చూపించి, ఎన్ని గంటలు పడుతుందో చెప్పి, అప్పుడే మొదలుపెట్టాలి. రెండు, పేరు వేస్తారా లేదా అన్నది పని ఒప్పుకునేటప్పుడే అడగాలి. మూడు, మనది కాని ప్రాంతపు భాషలో పుస్తకం వస్తే ఆ ప్రాంతం మనిషి ఇంకొకరు తప్పనిసరిగా చదవాలి, వాళ్లకూ డబ్బులివ్వాలి. ఇవి రూల్స్ కావు. ఒంటరిగా ఫోన్లో బేరమాడుతున్నప్పుడు, ‘మా వాళ్లందరం ఇలాగే చేస్తున్నామండీ’ అని చెప్పుకోవడానికి ఒక ఆసరా. నేనూ ఆ మాటే చెప్పాను. మాట్లాడగా మాట్లాడగా అడిగినదాంట్లో మూడింట రెండొంతులకు ఒప్పుకున్నారు.

ఈ ఆసరా ముందుముందు ఇంకా కావాలి. ఈమధ్య కొందరు రచయితలు రాతప్రతిని ముందే మెషీన్‌తో సాఫు చేయించి పంపుతున్నారు. ‘పోయినం’ కింద ఎర్ర గీత పడితే తమదే తప్పనుకుని ‘వెళ్లాము’ అని మార్చేసుకుంటున్నారు. ఇప్పుడు మా పని తిరగబడింది. సరిచేసినదాని కింద అసలు ఏముండేదో అడిగి, వెతికి, వెనక్కి తేవాలి. దీనికి బిల్లు ఎలా రాయాలన్నది వచ్చే ఆదివారం మాట్లాడుకోవాలి.

ఆ ఆత్మకథ ఈసారి బుక్ ఫెయిర్‌కి వస్తుంది. మీరూ వస్తారు కదా, ఒక పని చేయండి. ఏ పుస్తకం చేతిలోకి తీసుకున్నా అట్ట తిప్పాక వచ్చే ఆ చిన్న అక్షరాల పేజీ చూడండి. ముఖచిత్రం ఎవరిదో ఉంటుంది, డీటీపీ ఎవరిదో ఉంటుంది, ప్రెస్ అడ్రస్ ఉంటుంది. ఎడిటర్ పేరు లేకపోతే స్టాల్లో కూర్చున్నవాళ్లని అడగండి, దీన్ని ఎవరు ఎడిట్ చేశారని. వాళ్లకు తెలియకపోవచ్చు, పర్లేదు. నలుగురు అడిగితే ఐదో పుస్తకంలో వేస్తారు.