నాగులేటి వెంట

నాగులేరు పెద్ద ఏరేమీ కాదు. నల్లమల కొండల అంచున పుట్టి, ఉత్తరంగా పారి, కారంపూడిని ఒరుసుకుంటూ వెళ్లి, దాచేపల్లి దాటాక కృష్ణలో కలిసిపోతుంది. వానలు దంచికొట్టినప్పుడు పొంగుతుంది, ఎండాకాలం మడుగులుగా మిగులుతుంది. ఇంత చిన్న ఏటికి తెలుగునాట అంత పేరు తెచ్చిపెట్టింది దాని ఒడ్డున పన్నెండో శతాబ్దంలో జరిగిన దాయాదుల పోరు, పల్నాటి యుద్ధం.

ఇప్పటికీ పల్నాడులో కర్రా కత్తీ లేస్తే "పల్నాటి పౌరుషం, ఆ మట్టిలోనే ఉంది" అనేస్తారు. బయటివాళ్లు ఎగతాళిగా అంటారు, ఇక్కడి నాయకులు ఫ్లెక్సీల మీద గర్వంగా రాయించుకుంటారు. నాకు ఆ మాట గిట్టదు. మట్టి మీద నేరం మోపితే మనుషులు తప్పించుకుంటారు.

కొండల వైపు నుంచే మొదలుపెడదాం. ఏటికి పడమటగా, దుర్గి మండలంలో మించాలపాడు ఉంది. అడవిలో గొడ్లను మేపుకుంటే బ్రిటిష్ ప్రభుత్వానికి పుల్లరి కట్టాలి. 1921లో సహాయ నిరాకరణ వేడి తగలగానే ఈ పల్లెలు కట్టం పొమ్మన్నాయి. వసూలుకు వచ్చిన ఉద్యోగులను వెలేశాయి. 1922 ఫిబ్రవరి 22న ఈ ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఆ ఉద్యమంలోనే జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడ కూర్చుని 'మాలపల్లి' నవల రాశారు. గొడ్ల మేత మీద పన్ను దగ్గర మొదలైన గొడవ, ఒక మాల కుటుంబాన్ని తెలుగు నవల నడిమధ్యకు తెచ్చింది. పౌరుషం ఖాతాలో వేసేవాళ్లు ఈ సంగతిని ఎందుకో ఎత్తరు.

కారంపూడికి తూర్పున గుత్తికొండ బిలం. పల్నాటి యుద్ధం ముగిశాక మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు ఈ గుహలోకి వెళ్లిపోయాడని చెప్పుకుంటారు. 1969లో నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో సమావేశమైంది కూడా ఇక్కడే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ అడవి అంచు పల్లెలు అటు దళాలకూ ఇటు పోలీసులకూ మధ్య నలిగాయి.

ఇక కారంపూడి. కథ తెలియని తెలుగువాడు ఉండడు. గురజాలలో నలగామరాజు, మంత్రి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, మంత్రి బ్రహ్మనాయుడు. అన్నదమ్ముల రాజ్యం రెండైంది, కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి రాయబారిగా వచ్చిన అలరాజు చర్లగుడిపాడులో విషానికి బలయ్యాడు. చివరికి ఈ ఏటి ఒడ్డున రెండు పక్షాలూ తుడిచిపెట్టుకుపోయాయి. కోడి ఒక సాకు. గొడవంతా భాగం దగ్గరే. దాని అడుగున ఇంకో తగువుంది. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టాడు, మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనను అప్పగించాడు. అప్పటి పెద్దింటివాళ్లకు కోడి ఓడటం కన్నా ఆ చాపే ఎక్కువ మంట పుట్టించి ఉంటుందని నా అనుమానం.

ఊళ్లో వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకు అయిదు రోజుల తిరునాళ్ల: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరాచారవంతులు పూర్వీకుల ఆయుధాలను తెచ్చి నాగులేటిలో కడుగుతారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. కథలో ముందు రావాల్సిన కోడిపోరు ఇక్కడ నాలుగో రోజున వస్తుంది. ఆచారం కథకుడి వరస పాటించనక్కర్లేదు కదా. మందపోరు నాడు చాపకూడు పెడతారు. ఏడాది పొడుగునా ఎవరి వీధి వారిదే అయిన ఊరు, ఆ ఒక్క పూట ఒకే పంక్తిలో కూర్చుంటుంది.

శ్రీనాథుడు ఈ కథను ద్విపదలో రాశాడు. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని అచ్చుకు తెచ్చారు. పాటగా బతికిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో పుస్తకంగా వేసింది మాత్రం జీన్ రోగేర్ అనే అమెరికన్. ఆయన దేశంలోనూ ఇలాంటి ఏరు ఒకటుంది. కెంటకీ, వెస్ట్ వర్జీనియా సరిహద్దులో పారే టగ్ ఫోర్క్‌కు ఒక ఒడ్డున హాట్‌ఫీల్డులు, రెండో ఒడ్డున మెకాయ్‌లు. 1878లో ఒక పంది ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కింది. 1882 ఆగస్టులో ఎన్నికల రోజున ముగ్గురు మెకాయ్ సోదరులు ఎల్లిసన్ హాట్‌ఫీల్డ్‌ను పొడిచారు. అతను చనిపోగానే ఆ ముగ్గురినీ ఏటి ఒడ్డున చెట్లకు కట్టి కాల్చారు. కొండవాళ్ల మోటు రక్తమని పత్రికలు రాశాయి. తర్వాతి చరిత్రకారులు తవ్వితే పంది వెనక కలప భూముల వ్యాజ్యం, ఒక్కటే అయిదు వేల ఎకరాలది, బయటపడింది. అంతర్యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు కూడా కాని దేశం అది. ఆ యుద్ధంలో లక్షా ఎనభై వేల మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది తరఫున పోరాడారు. గెలిచాక వాళ్లకు దక్కిన ఓటు హక్కును దక్షిణాది రాష్ట్రాలు కొన్నేళ్లకే లాక్కున్నాయి. అక్కడా సైన్యంలో చోటు దొరికినంత సులువుగా పంక్తిలో చోటు దొరకలేదు.

కారంపూడి దాటి దాచేపల్లి వైపు వస్తే ఏటి చుట్టూ పొలాల రంగు మారుతుంది. పల్నాట్లో జొన్నకూడే గతి అని శ్రీనాథుడి పేరిట ఉన్న చాటువులు వెక్కిరించాయి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువల్లోకి నీళ్లొచ్చాక వరి, మిరప, పత్తి వచ్చాయి. వాటితో పాటు డబ్బు, కాంట్రాక్టులు, సున్నపురాయి గనుల మీద చూపు.

దాచేపల్లి దగ్గరి గామాలపాడును నాగమ్మ ఊరంటారు. మంత్రిగా రాజ్యం నడిపిన ఆడమనిషికి కథ మిగిల్చిన పేరు కుట్రదారు. బ్రహ్మనాయుడి ఎత్తులకు మాత్రం రాజనీతి అని పేరు. పాడినవాళ్లూ రాసినవాళ్లూ ఎటువైపు నిలబడ్డారో దాంతోనే తెలుస్తుంది.

కొత్త జిల్లాగా 2022 ఏప్రిల్‌లో విడివడిన పల్నాడు, 2024 మే 13 పోలింగ్‌తో దేశమంతటా వార్తయింది. పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకు కొట్టిన వీడియో, నరసరావుపేటలో, మాచర్లలో దాడులు, 144వ సెక్షన్. ఎన్నికల సంఘం ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేయించింది. ఆ వారమంతా టీవీల్లో పౌరుషం మాటే. ఊళ్లో అధికారం పోతే పనులు, బిల్లులు, పొలానికి దారి, ఒక్కోసారి ఊరే వదలాల్సి రావడం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

దాచేపల్లి దిగువన నాగులేరు కృష్ణలో కలిసేచోట అవతలి ఒడ్డు తెలంగాణ. ఎగువన సాగర్ నీళ్ల కింద నాగార్జునకొండ లోయ ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే మూడో శతాబ్దంలో, యుద్ధాల్లో పోయిన సైనికులకు నిలిపిన ఛాయాస్తంభాలు అక్కడి తవ్వకాల్లోనే బయటపడ్డాయి. ఆ సాగర్ ఆనకట్ట మీదికే 2023 నవంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణ పోలింగ్ రోజున, ఆంధ్ర పోలీసులు వందల మంది ఎక్కారు. పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె వేసి, కుడి కాలువకు నీళ్లు వదిలించారు. చివరికి డ్యాం కాపలా కేంద్ర బలగాలకు అప్పగించాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, న్యాయవాదులు కృష్ణా నీళ్ల పంపకం మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ ముళ్లకంచెకు పల్నాటి రక్తం కారణమని మాత్రం ఎవరూ అనలేదు.