ఎనుకర్రకు నెట్టు

మా జనగామ ఇంట్లో ముందటర్ర కిటికీ నుంచి ఎనుకర్ర మంచం దాకా ఇరవై ఆరు అడుగులు. టేపు పెట్టి కొలిచాను. ఆ ఇరవై ఆరు అడుగులు దాటడానికి నెట్టుకు నాలుగు నెలలు పట్టింది.

గూనపెంకల ఇల్లు. రెండడుగుల మందం మట్టిగోడలు. ఎండాకాలం ఫ్యాను లేకున్నా నిద్ర పడుతుంది. వానాకాలం మాత్రం గోడలు చెమ్మ పట్టి ఇల్లంతా తడిమట్టి వాసన. కేబులాయన వచ్చి వీధివైపు కిటికీ పక్కన రౌటర్ బిగించి పోయాడు. అక్కడ కూచుంటే సినిమా ఆగకుండా వస్తుంది. నడిమర్రలో మెసేజ్ పోతుంది, ఫొటో పోదు. ఎనుకర్రలో ఏదీ పోదు. సెల్ సిగ్నల్ కూడా అక్కడ ఒక గీత ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. వైఫైకి గోడ మందం ఒక కష్టమైతే, గోడలో ఉన్న తడి ఇంకో కష్టం.

2023 వానాకాలంలో బాపు బచ్చలకాడ జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మంచం ఎనుకర్రలో వేశాం. బాత్రూం దగ్గర, కిటికీలోంచి జామచెట్టు కనిపిస్తుంది. ముందటర్రలోకి మారమంటే వినడు. "బజార్ల పండుకున్నట్టుంటదిరా" అంటాడు.

నేను హైదరాబాద్‌లో. అక్క మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో. బాపు సర్వీసంతా భూపాలపల్లి వైపు గడిచింది. నా చిన్నప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ ఒక్క వరంగల్ జిల్లానే. 2016 అక్టోబర్ 11న మూడు జిల్లాలయ్యాయి. మేం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం, అడ్రసులు మాత్రం మారాయి. అక్క జనగామ రావాలంటే రైలెక్కి కాజీపేట మీదుగా రావాలి. చంటిపిల్లతో అది రోజూ అయ్యే పని కాదు. అందుకని వీడియో కాల్.

ఆ నాలుగు నెలలు మా వీడియో కాల్ ఎలా ఉండేదో చెప్పాలి. అమ్మ ఫోన్ పట్టుకుని రౌటర్ కింద నిలబడేది. మేం అడిగేది విని ఎనుకర్రకు పోయేది. బాపు చెప్పింది విని మళ్లీ ముందుకొచ్చేది. "బాగనే ఉన్న అంటుండు." "నొప్పి తగ్గిందట." నాలుగు నెలలు మేం బాపును అమ్మ నోటితోనే విన్నాం. అమ్మ ఎంత మందిని కలిపిందో కానీ, తనెట్లా ఉందని మేం అడిగింది తక్కువ.

ముందు రిపీటర్ కొన్నాను. నడిమర్రకు వచ్చే నీరసపు సిగ్నల్‌నే అది ఎనుకర్రకు ఇంకింత నీరసంగా అందించింది. కేబులాయన, గోడకు తొర్ర కొట్టి వైరు లాగుతానన్నాడు. బాపు ఒప్పుకోలేదు. మట్టిగోడకు డ్రిల్లు పెడితే బెత్తెడు తొర్ర కోసం మూరెడు గోడ రాలుతుంది. ఆ మాట నిజమే.

అప్పుడు ఆఫీసులో ఒకతను చెప్పాడు, ఇంట్లో ఉన్న కరెంటు వైర్ల మీదనే నెట్టు పంపొచ్చని. పవర్‌లైన్ అడాప్టర్ అంటారు. తెల్లటి డబ్బాలు రెండు. ఒకటి రౌటర్ పక్క ప్లగ్గులో పెట్టి రౌటర్‌కు వైరుతో కలపాలి. రెండోది కావలసిన గదిలో ప్లగ్గులో పెడితే అక్కడ వైఫై వస్తుంది. కొత్త వైరు అక్కర్లేదు, తొర్ర అక్కర్లేదు. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఈ డబ్బాలు అదే రాగితీగ మీద సెకనుకు లక్షలు, కోట్ల సార్లు ఊగే సన్నటి సంకేతాన్ని ఎక్కిస్తాయి. అవతలి డబ్బా ఆ బరువు ఊపును వదిలేసి ఈ సన్న ఊపును మాత్రం ఏరుకుంటుంది. ఇళ్ల కోసం దీనికి హోమ్‌ప్లగ్ అనే ప్రమాణం 2001లోనే వచ్చింది. మన దగ్గర పెద్దగా ఎవరూ వాడరు. అందరికీ రెండు గదుల ఫ్లాటూ ఒక రౌటరూ సరిపోతున్నాయి కదా.

శనివారం డబ్బాలతో ఇంటికి పోయాను. ముందటర్రలో రౌటర్, టీవీ ప్లగ్గులు ఉన్న స్పైక్ గార్డులోనే ఒకటి పెట్టాను. ఎనుకర్రలో ఇంకోటి. ఎర్ర లైటు. తీసి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు. పాత వైరింగు కదా, చెక్క పట్టీల మీద పోయిన వైర్లు, అవే కారణం అనుకున్నాను. ఆ రాత్రి యూట్యూబ్‌లో ముగ్గురు తెల్లవాళ్లు చెప్పింది విన్నాను. మంచంలో ఉన్న మనిషిని మాత్రం అడగలేదు. డెబ్బై దాటినాయనకు నెట్టు గురించి ఏం తెలుస్తుందిలే అని. ఆ మనిషి ముప్పై ఏళ్లకు పైగా సబ్‌స్టేషన్ ఆపరేటర్.

ఆదివారం పొద్దున బాపే అడిగాడు. "ఏందిరా అది? ప్లగ్గుల పెడుతున్నవ్, తీస్తున్నవ్."

చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"ఓ, క్యారియరా" అన్నాడు.

కరెంటు తీగల మీద మాట పంపడం ఆయనకు కొత్త కాదు. సబ్‌స్టేషన్ల మధ్య హైటెన్షన్ లైన్ల మీదనే ఫోన్ నడిచేది. పవర్ లైన్ క్యారియర్ అంటారు. ప్రపంచంలో 1920ల నుంచీ ఉన్న పద్ధతి. రెండో తరగతిలో ఉన్నప్పుడు బాపు వెంట సబ్‌స్టేషన్‌కు పోయి ఆ ఫోన్ చూశాను. చెవి దగ్గర పెట్టుకోమంటే షాక్ కొడుతుందని ఏడ్చానట. యార్డులో లైన్ లోపలికొచ్చే చోట, పైన పెద్ద డ్రమ్ములాంటిది వేలాడుతుండేది. దాని పేరు వేవ్ ట్రాప్. చుట్టలు చుట్టలుగా తిరిగిన మందపాటి తీగ. కరెంటును లోపలికి పోనిస్తుంది, మాటను పోనివ్వదు. మాట పక్కదారిలో కెపాసిటర్ గుండా దిగి ఫోన్‌కు చేరుతుంది. ఇదంతా బాపు అప్పుడే చెప్పాడు. నేనే మరిచిపోయాను.

"దేంట్ల పెట్టినవ్ ముందల?" అని అడిగాడు.

"స్పైక్ గార్డుల."

"గదే తప్పు. గది చెత్తను ఆపెతందుకే ఉంటది. నీ నెట్టు గూడ దానికి చెత్తే. గోడకున్న ప్లగ్గుల పెట్టు."

పెట్టాను. నడిమర్రలో పచ్చ లైటు వచ్చింది. ఎనుకర్రలో మళ్లీ ఎర్రదే. బాపు కొంచెంసేపు పైకప్పు చూశాడు.

"ఫేజు చూసినవా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎనుకర్ర పక్కనే ఒకప్పుడు అమ్మ పిండిగిర్ని నడిపింది. దాని మోటారు కోసం ఇంటికి త్రీఫేజు తీసుకున్నారు. గిర్ని పోయి పదిహేనేళ్లయినా త్రీఫేజు అట్లాగే ఉంది. ముందటర్ర, నడిమర్ర ఒక ఫేజు మీద, ఎనుకర్ర ఇంకో ఫేజు మీద. ఒకే ఇల్లు, ఒకే మీటరు. కానీ ఆ రెండు తీగలు సరిగ్గా కలిసేది వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఇరవై ఆరు అడుగుల దూరం పోవాల్సిన నెట్టు అంత దూరం తిరిగి రాలేక చస్తోంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ ఆపి, మీటరు బోర్డు దగ్గర ఎనుకర్ర వైరును ముందటర్ర ఫేజు మీదికి మార్చాడు. పది నిమిషాల పని. లోపలి నుంచి బాపు అరుస్తూనే ఉన్నాడు, "టెస్టర్ పెట్టి చూడుండ్రి, న్యూట్రల్ ముట్టకుండ్రి" అని. మెయిన్ వేశాం. పచ్చ లైటు. డబ్బా మీద 600 అని రాసి ఉంటుంది, ఎనుకర్రలో 38 ఎంబీపీఎస్ దాటలేదు. ఒక ముసలాయన మొహం కనబడడానికి అందులో పదో వంతు చాలు.

అక్కకు కాల్ కలిపి ఫోన్ బాపు చేతికిచ్చాను. అక్క ఏడ్చింది. బాపు "మంచిగ కనపడుతున్నవ్ బిడ్డా" అని, ఫోన్ పెట్టేసిన తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటున్నప్పుడు చెప్పాడు.

"మా అమ్మ పోయిన సంగతి గూడ నాకు తీగల మీదనే తెలిసింది."

ఇంట్లో ఫోన్ లేని రోజులు. నాయినమ్మ రాత్రి పూట పోయింది. చిన్నాయిన సైకిల్ మీద జనగామ సబ్‌స్టేషన్‌కు పోయి అక్కడి ఆపరేటర్‌కు చెప్పాడు. ఆయన వరంగల్‌కు చెప్పాడు, వరంగల్ ఆయన భూపాలపల్లి వైపు లైన్‌లో బాపుకు చెప్పాడు. వాన. లైన్ నిండా గరగర. "మీ అమ్మ" అన్నది వినపడింది, తర్వాతిది వినపడలేదు. "మళ్ల చెప్పమన్న. మళ్ల గరగరే. ఇంకోసారి చెప్పిచ్చుకున్న. అప్పుడు ఇనపడ్డది." కొంచెం ఆగి అన్నాడు, "ఇనపడకుంటనే మంచిగుండు."

షిఫ్టులో రెండో మనిషి లేడు. తెల్లారి రిలీవర్ వచ్చేదాకా సబ్‌స్టేషన్ వదలడానికి లేదు. ఆ రాత్రంతా గంటగంటకూ మీటర్ల రీడింగు రాస్తూ కూచున్నాడట. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చిన్నాయిన ఆ రాత్రి సైకిల్ తొక్కాడనీ నాకు తెలియదు.

ఇప్పుడు సబ్‌స్టేషన్ల మాటలు చాలావరకు ఫైబర్ మీద పోతున్నాయి. టవర్ల కొసన పిడుగుల కోసం వేసే ఎర్త్ వైరు ఉంటుంది కదా, దాని కడుపులోనే ఫైబర్ పెడుతున్నారు. ఊళ్లకు మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. కొత్తది ఎప్పుడూ పాతదాని భుజాల మీదెక్కే వస్తుంది. నేను ఎనుకర్రలో చేసిందీ అంతే.

అయితే కరెంటు తీగ నెట్టు కోసం పుట్టింది కాదు. ఇంట్లో నడిచే ప్రతి వస్తువూ దాని మీద తన గోల వదులుతుంది. మిక్సీ తిరిగితే బాపు మొహం ముక్కలు ముక్కలవుతుంది. ఫ్రిజ్ మోటారు అందుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. నాసిరకం ఛార్జరొకటి రెండు రోజులు నెట్టును సతాయించింది. ఇంజనీర్లు దీన్ని నాయిస్ అంటారు. నాకు మాత్రం కొన్నాళ్లకు అది ఇంటి కబురులా వినిపించసాగింది. పొద్దున ఏడింటికి బొమ్మ చెదిరితే అమ్మ పల్లీల చట్నీ నూరుతోంది. సాయంత్రం అదే పనిగా తడబడితే నల్లా వచ్చింది, మోటారు వేశారు. కరెంటు పోతే అంతా పోతుంది. అప్పుడు ఇంట్లో చీకటి అని నాకు హైదరాబాద్‌లో తెలుస్తుంది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే బాగుండేది. కానీ ఒక మాట మిగిలింది.

నెట్టు లేని నాలుగు నెలలు నేను ప్రతి శనివారం జనగామ పోయాను. నెట్టు వచ్చాక రెండు వారాలకోసారి అయింది. తర్వాత నెలకోసారి. రోజూ చూస్తున్నాను కదా అనుకున్నాను. కర్ర పట్టుకుని మూడడుగులు వేశాడు, చూశాను. గడ్డం గీయించుకున్నాడు, చూశాను. ఒకరోజు బాపు అన్నాడు, "నెట్టు మంచిగనే వస్తుంది గని, నువ్వే వస్తలేవు." నవ్వేశాను.

మొన్న దసరా తర్వాత ఒక సాయంత్రం కాల్ కలవలేదు. మిక్సీ అనుకున్నాను. గంటయినా కలవలేదు. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అక్క కూడా కంగారుపడింది. ఉప్పల్‌లో వరంగల్ బస్సు ఎక్కాను. ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర. అమ్మ పక్కింట్లో పెళ్లిపనుల దగ్గర ఉండి అప్పుడే వచ్చింది, ఫోన్ ఇంట్లోనే వదిలిపోయిందట. ఎనుకర్రలో బాపు మెలకువగా ఉన్నాడు. తెల్లడబ్బా ప్లగ్గులో లేదు. మంచం పక్కన స్టూలు మీద, మందుల డబ్బా పక్కన బుద్ధిగా కూచుని ఉంది.

"ఏమైంది బాపూ, తీసినవ్?"

"బాగ కాగుతుందిరా. జర రెస్టిచ్చిన."

ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. లైన్ ఆగితే ఎవరో ఒకరు కచ్చితంగా వెతుక్కుంటూ వస్తారని ఆపరేటర్‌కు తెలియనిది కాదు. నేనేం అనలేదు. అమ్మ అన్నం పెట్టింది. ఎనుకర్రలోనే కింద చాప వేసుకుని పడుకున్నాను. పొద్దున బస్సుకు బయల్దేరేటప్పుడు డబ్బా తీసి ప్లగ్గులో పెట్టబోతే బాపు అన్నాడు,

"ఉండనియ్ తియ్. నువ్వు పోయినంక నేనే పెడ్త."