చేప గుండె

మన పిల్లలు డాక్టర్లు కావాలంటే ఇంటర్మీడియెట్ చదువుతూనే నీట్‌కి కూర్చుంటారు. ర్యాంకొస్తే తెల్లకోటు, రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగు. అమెరికాలో అలా కాదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ, ఎంక్యాట్ అనే పరీక్ష, ఆపైన మరో నాలుగేళ్ళ మెడికల్ కాలేజీ. ఆ మొదటి చదువునే ప్రీమెడ్ అంటారు. అక్కడ మార్కులొక్కటే చాలవు. పరిశోధన చేశావా, పదిమందికీ పనికొచ్చావా అని కూడా చూస్తారు.

అక్కడే పుట్టి పెరిగిన మా అక్కయ్య కూతురు ఇప్పుడా చదువులోనే ఉంది. వారమంతా లాబొరేటరీలో జీబ్రా చేపలతోనే దాని కాపురం. చిటికెనవేలంత కూడా ఉండని ఈ చారల చేపకు పుట్టిల్లు మన దేశమే సుమండీ! గంగానది చేపల మీద 1822లో పుస్తకం వేసిన హామిల్టన్ దొర దీనికి పేరు పెట్టాడు. దీని గుండెలో నెత్తురు తోసే గదిని ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ పెరుగుతుందని 2002లో తేలింది. మన గుండెకా భాగ్యం లేదు. దెబ్బతిన్నచోట మచ్చ మిగులుతుంది, అంతే. ఆ తేడా ఎందుకో వెతకడమే వాళ్ళ పని.

ఆదివారం మాత్రం హాస్పిస్‌కి వెళుతుంది. ఇక నయం కాదని తేలినవాళ్ళకు చివరి రోజులు బాధ లేకుండా గడిచేలా చూసే చోటది. మెడికేర్ సొమ్ము తీసుకునే హాస్పిస్‌లలో, జీతగాళ్ళు రోగులకు సేవచేసే గంటలకు నూటికి 5 చొప్పునైనా వాలంటీర్ల సేవ ఉండాలని అక్కడి నియమం.

"దరఖాస్తులో రాసుకోవడానికేగా?" అన్నాను ఫోన్లో.

"మొదట అందుకే వెళ్ళాను పిన్నీ" అంది, దాపరికం లేకుండా.

తర్వాత చెప్పింది. గుండె బాగా నీరసించిన ఒక పెద్దావిడ దగ్గర మూడు నెలలపాటు కూర్చుందిట. చేపల సంగతి చెబితే ఆవిడ నవ్వి, "నా గుండెకి అందుతుందా అది?" అని అడిగిందిట.

"అందదండీ" అన్నదిట ఇది.

"అయితే ఆ కిటికీ తెర తీసి, చెట్టుమీద ఏ పిట్ట వాలిందో చెప్పు."

ఆవిడ పోయింది. దరఖాస్తులు పంపడమూ అయిపోయింది. ఇక రాసుకోవలసిందేమీ లేదు. అయినా ఆదివారం వచ్చేసరికి ఇది హాస్పిస్‌కి పోతూనే ఉంది. "కాస్త నిద్రపోవే" అని మా అక్కయ్య పోరు. సీటొస్తుందో రాదో ఇంకా తెలియదు.

నా మటుకు నాకు, చేప రహస్యం తేలేలోగా గుండెకేమైనా వస్తే, కిటికీ తెర తీయడం తెలిసిన డాక్టరు దొరికితే బాగుండుననిపిస్తోంది.