అవ్వ పాట

మా అవుకులోని యింట అవ్వకు పనికొక పాట యుండెను. విసురురాయి త్రిప్పునప్పుడొకటి, బిడ్డకు నీళ్లు పోయునప్పుడొకటి, పెండ్లిలో అప్పగింతల వేళ మరొకటి. ఆమెకు అక్షరజ్ఞానము లేదు. "రాసుకోరా అబ్బీ, ఇవి నా యెంట పోతాయి" అని ముమ్మారు నన్నడిగినది. కళాశాలలో చేరితినన్న గర్వముతో "సెలవుల్లో చూస్తాలే అవ్వా" అంటిని. సెలవులు వచ్చునప్పటికి అవ్వ లేదు. అప్పగింతల పాటలో మొదటి చరణము మాత్రమే నాకు మిగిలినది. మా చెల్లెలి పెండ్లిలో దానినే రెండుమారులు పాడి యూరకుంటిమి.

నా తప్పెంతటిదో శ్రీపాద పినాకపాణి గారి చరిత్ర తెలిసిన పిమ్మటగాని నాకు బోధపడలేదు. ఆయన 1913లో శ్రీకాకుళము ప్రాంతమున ప్రియాగ్రహారములో జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివి, కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులై, 2013లో తమ నూరవయేట కర్నూలులోనే కన్నుమూసిరి. 2022 వరకు మా అవుకును ఆ జిల్లాలోనిదే గనుక, ఆయనను మావారని చెప్పుకొనుట మాకలవాటు. జీవనము వైద్యము, జీవితము సంగీతము. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చిన సత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు గార్లు ఆయన శిష్యులు. 1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించినది.

ఈ బిరుదులకంటె నాకు ఘనముగా తోచునది వేరొకటి. తాము నేర్చిన కీర్తనలను ఆయన స్వరపరచి వ్రాసిరి. ఆ గ్రంథమే తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రకటించిన 'సంగీత సౌరభము'. విద్యను శిష్యుని సేవకు వెలగా దాచియుంచు వాడుక గల లోకములో, ముఖము చూడని పాఠకునికి సయితము తమ సొత్తును పంచియిచ్చుట సామాన్యమా?

గమకము కాగితమున కెక్కదని కొందరందురు. అది కొంత నిజమే. గురుముఖమునకు బదులు లేదు. కాని 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురమునుండి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో వెలువరించినప్పుడు గమకములకు సయితము గుర్తు లేర్పరచిరి. ఐరోపాలో ఆర్గను వాద్యమునందు ప్రవీణుడై, బాలురకు సంగీతము చెప్పి, 1750లో గతించిన బాఖు రచించిన మహాగానమొకటి చిరకాలము మరుగుపడియుండెను. 1829లో మెండెల్సన్ అను యువకుడు బెర్లినులో దానిని మరల వినిపించెను. వ్రాతప్రతి నిలిచియుండుటచేతనే గదా అది సాధ్యమైనది! లోకము మరచినను కాగితము మరువదు.

మా అవ్వ విద్వాంసురాలు కాదు, ఆమె పాటకు బిరుదులు లేవు. అయినను అది పోయినచోట మరియొకటి మొలవదు. ఇప్పుడు మా వీధిలో ఎనుబదేండ్లు దాటిన ముత్తైదువ యొకతె యున్నది. ఆదివారము సాయంకాలము ఆమె యరుగుమీద కూర్చుండి వ్రాసికొనుచున్నాను. స్వరము నాకు రాదు. అందుచే మాటను వ్రాసి, గొంతును యంత్రమున పట్టుచున్నాను. ఇంతవరకు పదునేడు పాటలైనవి. వానిలో అవ్వ పాట దొరకలేదు.

చదువరులారా, మీ యింట పాడు పెద్దలున్నచో సెలవులకొరకు ఆగకుడు.