సింహాసనం మీద సొన

ఆన్‌సైట్‌కి లండన్ వచ్చి మూడు నెలలు. ఆ ఆదివారం ఒకటే వాన. టికెట్ అక్కర్లేదు కదా అని సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో దూరా. చైనా గ్యాలరీలో ఓ ఎర్రటి సింహాసనం దగ్గర ఆగిపోయా.

చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలం నాటిది, 18వ శతాబ్దం. ఎక్కడ చూసినా నగిషీలే. చెక్కని చెక్కారేమో అనుకున్నా. కాదు! లోపల చెక్కే, కానీ ఉలి పెట్టింది పైనున్న లాకర్ పూత మీద. పల్చగా ఒక పూత వేయాలి. వెచ్చగా, తేమగా ఉండే చోట అది గట్టిపడేదాకా ఆగాలి. మళ్లీ ఇంకోటి. ఇలా పదుల కొద్దీ, ఒక్కోసారి వంద కూడా దాటి! ఆ మందంలో డిజైన్ చెక్కాలి. చెయ్యి జారితే మనకున్నట్టు అండూ బటన్ లేదు.

అదే గ్యాలరీలో ఇంకా పాత బల్ల ఉంది. 1426-35 మధ్య షువాన్‌డె చక్రవర్తి హయాంలో చేసింది. డ్రాగన్‌కి ఐదు గోళ్లుంటే అది రాజుగారి సొత్తని గుర్తు. ఈ బల్ల మీద డ్రాగన్లకి ఒక్కో గోరు గీకేసి ఉంది.

మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగుల నుంచి వస్తుంది. ఇది మాత్రం చెట్టు సొన. ఆ చెట్టుది మామిడి, జీడిమామిడి కుటుంబమే. పచ్చి సొన తగిలితే ఒళ్లు పొక్కుతుంది.

ఫోన్‌లో ఈ ముక్క చదవగానే నాన్న చేతులు గుర్తొచ్చాయి. నూజివీడు తోటల్లో మామిడికాయలు కోసే చేతులు. ఏటా వేసవిలో సొన కాలిన నల్లటి మచ్చలు. నన్ను ఇంజినీరింగ్‌లో చేర్చడానికి వచ్చిన రోజు, కాలేజీ గేటు దగ్గర "చొక్కా మడతలు దించుకో నాన్నా" అన్నా. ఏమీ అనకుండా దించుకున్నాడు.

సింహాసనానికి రాజు పేరుంది. సొన తీసినవాళ్లెవరో, పొక్కుల చేతులతో పూతలు వేసినవాళ్లెవరో ఎవరికి తెలుసు?

బయటికొచ్చి ఫోన్ చేశా. అక్కడ రాత్రి పదిన్నర.

"నాన్నా, చేతులెలా ఉన్నాయి?"

"ఏంట్రా కొత్తగా! కొబ్బరినూనె రాస్తున్నాలే. తిన్నావా?"

కాలేజీ గేటు సంగతి ఎత్తబోయా. గొంతు పెగల్లేదు. వచ్చే నెల ఇంటికెళ్తున్నా. ఆ మాట ఎదురుగా కూర్చునే చెప్పాలి.